దొరువు నీళ్ళు, తాటాకు బడి

ఆ తాటాకులన్నీ ఒకేసారి వెయ్యకండ్రా నాన్నా. ఒక్కొక్కటే వెయ్యండి. ఎండిన తాటాకు భగ్గుమని లేస్తుంది, అంతలోనే బూడిదైపోతుంది. అడుగున ఉన్న జీడిమామిడి మొద్దు అంటుకునేదాకా ఓపిక పట్టాలి. అది అంటుకుందంటే తెల్లారేదాకా భోగిమంటకు ఢోకా లేదు. అమ్మలూ, ఆ దుప్పటి తెచ్చి మీ మామ్మ భుజాల మీద కప్పు. సముద్రం మీంచి వచ్చే ఈ మంచుగాలి మా అక్కయ్యకు పడదు.

ఇందాక నువ్వేదో అన్నావు కదరా, మీ స్కూల్లో తల్లిదండ్రుల మీటింగు పెడితే మీ నాన్నకు సెలవు దొరకలేదని. వాడి మీద కోపం పెట్టుకోకు, వాడి ఉద్యోగం అలాంటిది. కానీ ఆ మాట విన్నప్పటి నుంచీ నా మనసంతా మా బడి చుట్టూనే తిరుగుతోంది. పైగా ఈ తాటాకు చిటపటలు. బయట ఇంత చలి వేస్తుంటే నాకు ఎండాకాలం గుర్తుకొస్తోంది. ఒంటిపూట బళ్ళు గుర్తుకొస్తున్నాయి.

నాకిప్పుడు 75. అక్కయ్య నాకంటే మూడేళ్ళు పెద్ద. మేం చదివింది ఈ పేటలోనే, ఈ ఇసకలోనే. వేటపాలెం ఇక్కణ్ణించి నడిచిపోయేంత దూరం. అప్పుడు మనది గుంటూరు జిల్లా. 1970లో ఒంగోలు జిల్లా అయింది, దానికే తర్వాత ప్రకాశం అని పేరు పెట్టారు, 2022 నుంచి బాపట్ల జిల్లా అంటున్నారు. పేట నిండా మగ్గాలే ఉండేవి. కోడి కూయకముందే మగ్గం చప్పుడుకు మెలకువ వచ్చేది. మా తాతల కాలంలో చీరాల చుట్టుపక్కల నేసిన తేలియా రుమాళ్ళు ఓడలెక్కి అరబ్బు దేశాలకు పోయేవట. నాన్న నాటికి ఆ వైభవం లేదు. పంచెలూ చీరలూ నేసేవాడు, నూలు ఆసామిది, కూలి మాది.

బడి అంటే ఒక పాక. నాలుగు వైపులా మొలెత్తు మట్టిగోడ, పైన తాటాకు కప్పు, కింద ఇసక. కొత్తగా చేరినవాళ్ళకు అక్షరాలు దిద్దించడానికి పలక అక్కర్లేదు, ఇసకే పలక. ఒక్క నల్లబల్ల ఉండేది. దాని నలుపు వెలిసిపోతే పిల్లలమే బొగ్గు నూరి ఆకు పసరుతో కలిపి రుద్దేవాళ్ళం. గంట బదులు రైలు పట్టా ముక్క ఒకటి వేపకొమ్మకు వేలాడేది. ఐదు తరగతులకూ పంతులుగారు ఒక్కరే. ఆయన ఒక తరగతి చూసుకుంటుంటే పెద్ద తరగతుల పిల్లలు మా చేత గుణింతాలూ ఎక్కాలూ చెప్పించేవాళ్ళు. నాకు ఎక్కాలు నేర్పింది అక్కయ్యే. తప్పు చెబితే పంతులుగారు ఊరుకునేవారేమో గానీ, ఆవిడ ఊరుకునేది కాదు.

హోలీ పున్నమి దాటి ఎండ ముదిరిందంటే ఒంటిపూట బళ్ళు. తెల్లవారగానే బడి, ఎండ నడినెత్తికి రాకముందే ఇల్లు. మీకు ఒంటిపూట బళ్ళంటే ఆటలు. మాకు ఒక పూట బడిది, రెండో పూట మగ్గానిది. అది మీకు అర్థం కావాలంటే మగ్గం సంగతి కాస్త చెప్పాలి. నాన్న గుంట మగ్గంలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటే పడుగులో నాడె అటూ ఇటూ పోతుంది. నాడె కడుపులో కండె ఉంటుంది, పేక నూలు చుట్టిన చిన్న పుల్ల. కండె అయిపోయిందంటే ఇంకో కండె చేతికందాలి. అందకపోతే మగ్గం ఆగుతుంది. ఆ కండెలు చుట్టేది ఇంట్లో ఆడవాళ్ళూ పిల్లలూ. ఒక మగ్గం ఆడాలంటే దాని పక్కన ఒక రాట్నం తిరగాల్సిందే. నేసేవాడిది కూలిగా లెక్కకొస్తుంది, రాట్నం తిప్పే చేతికి లెక్క లేదు. ఈ మాట గుర్తు పెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

ఎండాకాలంలో పేటలో అందరికీ ఒకటే భయం, నిప్పు. ఇళ్ళన్నీ తాటాకువే. వడగాలి మొదలైతే ఒక్క నిప్పురవ్వ చాలు, వీధికి వీధి పోతుంది. అందుకని పొద్దెక్కకముందే వంటలు ముగించి పొయ్యి ఆర్పేసేవాళ్ళు. పిల్లలం చద్దన్నంలో మజ్జిగ పోసుకుని, ఉల్లిపాయ నంజుకుని బడికి పరిగెత్తేవాళ్ళం. బడి కప్పు కూడా తాటాకే కాబట్టి చూరు కింద రెండు పెద్ద బానల్లో ఎప్పుడూ నీళ్ళుండాలి. తాగే నీళ్ళు వేరే కుండలో. ఆ నీళ్ళు తెచ్చే పని పేటలో ఇల్లిల్లూ వంతు వేసుకునేది.

మన దగ్గర నీళ్ళకు దొరువులు. మీరు బోరింగులూ సీసాలూ చూసినవాళ్ళు, దొరువు చూసి ఉండరు. ఇసకలో నాలుగు మూరలు తవ్వితే తియ్యటి నీళ్ళు ఊరతాయి. సముద్రం పక్కనే ఉన్నా ఆ నీళ్ళలో ఉప్పు ఉండదు. ఇసక వాననీటిని పైపైనే దాచుకుంటుంది, ఎక్కువ లోతుకు పోతేనే ఉప్పు తగులుతుంది. అమ్మ వంతు వచ్చిన రోజున చీకటితోనే లేచి, దొరువు మెట్లు దిగి, చేతి ముంతతో కొద్దికొద్దిగా ముంచి బిందె నింపేది. బిందెను నేరుగా ముంచితే అడుగు కదిలి నీళ్ళు కలకబారతాయి. బడి దగ్గర కొత్త కుండ సగందాకా ఇసకలో పాతి ఉండేది. దాని చుట్టూ తడిగుడ్డ చుట్టి, నోటికి పాతపంచె ముక్క వాసెన కట్టి, అందులో పోసేది. ఆ నీళ్ళ చల్లదనం ఏ ఫ్రిజ్జు నీళ్ళకూ రాదు.

ఒక్క సంగతి దాచకుండా చెప్పాలి. ఆ నీళ్ళ వంతులో పేటంతా ఉందన్నాను కదా, పేటంతా లేదు. అవతలి గూడెం నుంచి నలుగురు పిల్లలు వచ్చేవాళ్ళు. వాళ్ళ అమ్మలకు వంతు లేదు. వాళ్ళు కుండ ముట్టుకోకూడదు, ఎవరో ఒకరు ముంతతో పైనుంచి దోసిట్లో పోసేవాళ్ళు. ఒకసారి నేనే పోశాను. నా ఈడువాడు, మోకాళ్ళ మీద వంగి దోసిలి పట్టాడు. నాకది తప్పని అప్పుడు తోచలేదు. తర్వాత నేను పంతుల్నయి మొదటి ఎండాకాలం కుండ పాతినప్పుడు ముందుగా ఆ గూడెం తల్లి చేత నీళ్ళు పోయించాను. రెండు ఇళ్ళవాళ్ళు పిల్లల్ని వారం రోజులు పంపలేదు. ఎండ ఎక్కువైంది, పిల్లలకు దాహం వేసింది, వచ్చారు.

ఏమ్మా, చలేస్తోందా? ఇలా దగ్గరికి జరుగు.

ఇక 1957 సంగతి. ఆ ఏడు ఎండాకాలంలో మా బడి దగ్గర జరిగినన్ని పనులు నేను మళ్ళీ ఎప్పుడూ చూడలేదు.

ముందు కప్పు. తాటాకు కప్పును రెండేళ్ళకొకసారి దించి, వానలు పడకముందే మళ్ళీ నెయ్యాలి. బడిపిల్లాడున్న ఇంటి నుంచి ఇరవై ఆకులు, లేని ఇంటి నుంచి పది. అది పేట పెద్దల కట్టుబాటు. గీత పనివాళ్ళు చెట్లెక్కి ఆకులు కొట్టి పడేసేవాళ్ళు, పనిలో పనిగా ముంజెల గెలలు కూడా దించేవాళ్ళు. ఆ ముంజెలు బడిపిల్లలవి, దానికీ కట్టుబాటే. పచ్చి ఆకులను ఒకదాని మీద ఒకటి పరిచి బరువులు పెట్టి చదును చేసేవాళ్ళు. పెద్ద పరీక్షలు అయిపోగానే పాత కప్పు దించారు. మగవాళ్ళు తెల్లవారుజాము నుంచీ ఎండెక్కేదాకా కప్పు పని చేసి, తర్వాత మగ్గాల దగ్గరికి పోయేవాళ్ళు. మగ్గం బాగా ఆడే పొద్దుటి పూట బడికిచ్చారన్న మాట, నడివేసవి మధ్యాహ్నం అది సరిగ్గా ఆడదు. వడగాలికి పోగు ఎండి పుటుక్కున తెగుతుంది, గుంటలో నీళ్ళు చిలకరిస్తూ ఉండాలి.

నాన్న వాసాల మీద గొంతుక్కూర్చుని తాటినారతో ఆకు కట్టేవాడు. నేతగాడి చెయ్యి కదా, తెగిన పోగుకు వేసే ముడే నారకూ వేసేవాడు. చిన్న ముడి, చెవులు ఉండవు. పక్కవాళ్ళ ముడులు గడ్డం పెంచుకున్నట్టు వేలాడుతుంటే నాన్నవి గింజల్లా ఉండేవి. కింద నిలబడి ఆకులందిస్తూ అక్కయ్య నాకు చూపించింది, "అదిగో, ఆ మూల నుంచి ఈ మూల దాకా నాన్న కప్పు" అని. మూడో తరగతిలో నా చోటు సరిగ్గా ఆ వరస కిందే పడింది. లెక్క రానప్పుడల్లా పైకి చూసేవాణ్ణి.

నేను చెప్పదలుచుకున్నది ఇదేరా. బడి సర్కారుదే, పంతులుగారికి జీతమిచ్చేది సర్కారే. కానీ ఆ కప్పు మాది. తన చేత్తో కట్టిన కప్పు కింద తన బిడ్డ కూర్చుని ఉంటే ఆ తండ్రికి బడి పరాయిది కాదు. చదువు రాని వాడు కూడా దారిన పోతూ ఆగి, కప్పు ఎక్కడైనా కారుతోందా అని చూసి పోయేవాడు. అలా ఆగినప్పుడు కొడుకు ఎక్కాలు చెబుతుంటే చెవిన పడేది.

రెండోది నయాపైసలు. 1957 ఏప్రిల్ 1న వచ్చాయి. ఆ ఏడు ఉగాది కూడా అదే రోజు, హేవిళంబి నామ సంవత్సరం. అప్పటిదాకా రూపాయికి 16 అణాలు. అణా, బేడ, పావలా, అర్ధరూపాయి, అదీ మా లెక్క. ఇప్పుడు రూపాయికి వంద నయాపైసలన్నారు. మరి అణాకు ఎన్ని? వందను పదహారుతో భాగించి చూడండి, ఆరుంపావు వస్తుంది. పావు నయాపైసా ఎక్కడుంటుంది? లేదు. అందుకని అణాకు 6 ఇస్తారు, బేడకు 12, మూడు అణాలకు 19, పావలాకు 25. పాత నాణేలు కూడా ఇంకా కొన్నాళ్ళు చెల్లుతూనే ఉన్నాయి. కూలి అణాల్లో, కొట్టులో ధర నయాపైసల్లో. పేట పేటంతా తికమకపడిపోయింది.

అప్పుడు పంతులుగారు ఒక పని చేశారు. వారం రోజులు సాయంత్రం దీపాల వేళకు అందరూ బడి దగ్గరికి రండని చాటింపు వేయించారు. వేపచెట్టు కింద హరికేన్ లాంతరు వేలాడదీశారు. నల్లబల్ల బయటికొచ్చింది. మగవాళ్ళు ముందు, ఆడవాళ్ళు వెనక, మేం పిల్లలం ఎక్కడ సందుంటే అక్కడ. మా బడికి అంతమంది పెద్దలు ఒక్కసారి రావడం అదే మొదలు. నాన్న కూడా వచ్చి ఇసకలో బాసింపట్టు వేసుకుని బుద్ధిగా కూర్చున్నాడు. పంతులుగారు తాను చెప్పకుండా నాలుగో తరగతి పిల్లల చేత చెప్పించారు. పిల్లలు చెబితే పెద్దవాళ్ళు సిగ్గుపడకుండా అడుగుతారని ఆయన ఎరుగుదురు.

రెండో రోజో మూడో రోజో అక్కయ్య వంతు వచ్చింది. తొమ్మిదేళ్ళు నిండి పదోది నడుస్తోంది. నల్లబల్ల దగ్గరికి పోయి అణాలూ నయాపైసలూ వరసగా రాసింది. రాసి, అక్కడే నిలబడిపోయింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"పంతులుగారూ, నాలుగు అణాలు ఒక్కొక్కటిగా మార్చుకుంటే ఆరు నాలుగులు 24. అదే నాలుగూ కలిపి మార్చుకుంటే 25. ఆ ఒక్క నయాపైసా ఎవరికి పోతోందండీ?" అంది.

ఎవరూ మాట్లాడలేదు. పంతులుగారు సుద్దముక్క చేతిలో పట్టుకుని నల్లబల్ల వంక చాలాసేపు చూశారు. "కొట్టువాడికి పోతోందమ్మా" అన్నారు చివరికి. వెనక నుంచి ఒక ముసలావిడ, "అయితే అణాలు పావలా అయ్యేదాకా మార్చకూడదన్న మాట" అంది. అక్కయ్య తలూపింది. మూడు కలిపితే కూడా 18కి బదులు 19 వస్తాయి, రెండు కలిపితే మాత్రం ఏమీ రాదు అని రాసి చూపించింది. మర్నాటి నుంచి అమ్మ కొంగు ముడిలో అణాలు నాలుగు పోగయ్యేదాకా విప్పేది కాదు. పక్కింటికి కండెలు చుట్టిపెడితే వచ్చే అణాలవి. పేటలో చాలామంది ఆడవాళ్ళు అదే పని చేశారు. నెలకు నాలుగైదు నయాపైసలు మిగిలేవేమో. మిగిలింది ఎంతన్నది కాదు, ఆ బుద్ధి బళ్ళోంచి వచ్చింది, అదీ పదేళ్ళ పిల్ల చెబితే వచ్చింది.

ఆ రాత్రి ఇంటికొస్తూ నాన్న అక్కయ్య తల మీద చెయ్యి వేసి నడిచాడు. అంతకుముందు అలా నడవగా నేను చూడలేదు.

సెలవులివ్వబోయే ముందు పంతులుగారు నాలుగూ ఐదూ తరగతుల్ని వేటపాలెం సారస్వత నికేతనానికి తీసుకుపోయారు. 1918లో పెట్టిన గ్రంథాలయం అది, 1929లో గాంధీగారు వచ్చి వెళ్ళిన చోటు. నేను చిన్న తరగతి, నన్ను తీసుకుపోలేదు. అక్కయ్య తిరిగొచ్చి, అక్కడ మన పేటంత పొడుగున పుస్తకాలున్నాయని చెప్పింది. ఒక పుస్తకం పట్టుకోనిచ్చారట. దాని అట్ట ఎలా ఉందో, ఎంత బరువుందో చెప్పింది గానీ లోపల ఏముందో చెప్పలేదు. తెరవనివ్వలేదేమో.

సెలవులిచ్చారు. వైశాఖంలో అమ్మ ప్రసవించింది, మీ చిన్నతాత. కాన్పు కష్టమైంది, లేవలేకపోయింది. రాట్నం ముందు అక్కయ్య కూర్చుంది. ఎండాకాలం కదా, బడి ఎలాగూ లేదు కదా, అని కూర్చుంది. ఎవరూ చదువు మానేయమని చెప్పలేదు. ఆడపిల్లల చదువు అలాగే పోతుందిరా. ఫలానా రోజున మానేసిందని ఎవరూ చెప్పలేరు. సెలవుల్లో ఒక పని చేతికొస్తుంది, సెలవులు అయిపోతాయి, పని అయిపోదు. ముప్పై ఏడేళ్ళు పంతులుగా చేశాను, ఏటా అది నా కళ్ళతో చూశాను. పరీక్షల భయంతోనూ, దెబ్బల భయంతోనూ బడి మానిన పిల్లల కంటే ఎండాకాలం సెలవులు మింగేసిన పిల్లలే ఎక్కువ.

జూన్‌లో బడి తెరిచారు. నేను పోయాను, అక్కయ్య రాలేదు. మర్నాడు పొద్దున్నే పంతులుగారు మా అరుగు మీదికి వచ్చి కూర్చున్నారు.

"అమ్మాయి ఐదో తరగతికి పాసయింది. ఇంకొక్క ఏడే కదయ్యా" అన్నారు.

"తెలుసండీ. దానికి చదువొస్తుందని మీకంటే ముందు నాకే తెలుసు. కానీ మా ఇంటిది ఇంకా మంచం దిగలేదు. రాట్నం ఎవరు తిప్పుతారండీ? కండె లేకపోతే మగ్గం లేదు, మగ్గం లేకపోతే కూడు లేదు."

నాన్న ఆ మాట కోపంగా అనలేదు. దొంగతనం ఒప్పుకుంటున్నవాడిలా తల దించుకుని అన్నాడు.

రెండో రోజు మళ్ళీ వచ్చారు. ఈసారి ఒక ఉపాయం తెచ్చారు. మిగతావాళ్ళకు రెండుపూటలా బడి పెట్టినా ఈ అమ్మాయికి మాత్రం ఏడాది పొడుగునా ఒంటిపూట బడే అనుకుందాం, పొద్దున పూట పంపండి, మధ్యాహ్నం నుంచి రాట్నం తిప్పుకుంటుంది అన్నారు. నాన్న చాలాసేపు ఆలోచించాడు. ఆసామికి బట్ట ఇవ్వాల్సిన గడువు మీద పడింది. పొద్దున పూటే మగ్గం బాగా ఆడేది. కుదరదండీ అన్నాడు. మూడో రోజు వచ్చి ఏమీ అడగలేదు. కూర్చున్నారు, ఇచ్చిన మజ్జిగ తాగారు. లోపల రాట్నం చప్పుడు వినపడుతూనే ఉంది. లేచి నా చెయ్యి పట్టుకుని బడికి తీసుకుపోయారు. "వాణ్ణి మాత్రం ఆపమండీ" అని వెనక నుంచి నాన్న అనడం వినిపించింది. మూడు రోజులు వచ్చారు. ఒక పిల్ల కోసం ఒక పంతులుగారు మూడు పొద్దులు తిరగడం చిన్న సంగతి కాదు.

అమ్మ కోలుకుంది. ఈలోగా అక్కయ్య చెయ్యి రాట్నానికి కుదిరిపోయింది, అమ్మ కంటే జోరుగా చుట్టేది. మరుసటి ఎండాకాలం ఒంటిపూట బళ్ళు మొదలయ్యాక మా ఇంటి నీళ్ళ వంతుకు బిందె ఎత్తుకుని వచ్చింది అక్కయ్యే. తనతో చదివిన పిల్లలు ఐదో తరగతి వరసలో కూర్చుని ఉన్నారు. కుండ నింపి, వాసెన కట్టి, చూరు కింద కాసేపు నిలబడేది. పంతులుగారు చూసీ చూడనట్టు లెక్కను కొంచెం గట్టిగా చదివేవారు. నేను పైకి చూస్తే నాన్న ముడులు కనపడేవి, పక్కకు చూస్తే అక్కయ్య. రాత్రి నా పలక తీసుకుని ఆ లెక్క తానే చేసిపెట్టేది. నేను హైస్కూలు మెట్టెక్కానంటే ఆ రాత్రుల వల్లనే.

1971లో నాకు పంతులు ఉద్యోగం వచ్చింది. అప్పటికి బళ్ళు పంచాయతీ సమితుల చేతికొచ్చాయి. మే నెల ఆఖరు వారం నుంచీ నేను ఇల్లిల్లూ తిరిగేవాణ్ణి, ముందుగా ఆడపిల్లలున్న ఇళ్ళకు. "ఎందుకు పంపరు?" అని అడగడం మానేసి, "ఏ పనికి చెయ్యి కావాలి?" అని అడిగేవాణ్ణి. చంటిబిడ్డను ఆడించాలంటే, బిడ్డను కూడా బడికి ఎత్తుకు రమ్మన్నాను. నా తరగతిలో మూడు ఉయ్యాలలు వేలాడిన ఏడు కూడా ఉంది. కండెలు చుట్టాలంటే, పొద్దున్నే కాసేపు చుట్టి ఆలస్యంగా రమ్మన్నాను. అన్ని ఇళ్ళలోనూ నా మాట సాగలేదు. సాగని ఇళ్ళు నాకిప్పటికీ గుర్తున్నాయి. ఆ తిరుగుడుకే చాలా ఏళ్ళ తర్వాత సర్కారువారు బడిబాట అని మంచి పేరు పెట్టారు.

ఆ రోజుల్లో కేర్ సంస్థ పంపిన నూకతో బళ్ళో ఉప్మా వండేవాళ్ళం, పొయ్యి దగ్గరికి తల్లులు వచ్చి కూర్చునేవాళ్ళు. 2003 నుంచి మధ్యాహ్నం వేడి అన్నం వచ్చింది, ఒంటిపూట బళ్ళప్పుడు పిల్లలు తినే ఇంటికి పోతున్నారు. కరువు మండలాల్లో ఎండాకాలం సెలవుల్లో కూడా అన్నం పెట్టాలని 2004లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ వార్త పేపర్లో చదివి నేను గట్టిగా ఊపిరి పీల్చుకున్నాను. సెలవుల్లో పిల్లలు ఎటు పోతారో తెలిసిన వాళ్ళెవరో ఆ మాట అనిపించారు.

అంతకుముందే శ్లాబు వచ్చింది. సర్కారువారి నల్లబల్ల పథకంలో రెండు గదులు, ఇంకో టీచరు. నిప్పు భయం పోయినందుకు నేను పొంగిపోయాను. శ్లాబు పోసిన రోజున కాంట్రాక్టరు మనుషులు వచ్చారు, పని చేశారు, పోయారు. మా పేట నుంచి ఒక్క మనిషి రాలేదు. ఎవరూ పిలవలేదు, నేనూ పిలవలేదు. ఆ పిలవకపోవడం నా తప్పు. కనీసం ఇంటికో తట్ట ఇసకైనా తెమ్మనాల్సింది. 1998లో తల్లిదండ్రుల కమిటీల చట్టం వచ్చింది, మంచి చట్టం. నేను మొదటి మీటింగు ఒంటిపూట బళ్ళప్పుడు పెట్టి, వచ్చినవాళ్ళను కుర్చీల్లో కూర్చోబెట్టడం మానేసి కుండ పాతే పనికి దింపాను. సంతకాలు ఆ తర్వాత పెట్టించాను. చెయ్యి తడిసినవాళ్ళు రెండో మీటింగుకు వాళ్ళంతట వాళ్ళే వచ్చారు.

అందుకే చెబుతున్నానురా, మీ నాన్న మీటింగుకు రాకపోతే పోనీ. వచ్చే వేసవిలో మీ బళ్ళో మొక్కలకు నీళ్ళు ఎవరు పోస్తారో కనుక్కో. ఒక ఆదివారం వాణ్ణి బిందెతో తీసుకుపో.

మొద్దు అంటుకుంది, చూశారా. ఇక వేడి బాగా వస్తుంది.

ఏంటక్కా? ఏదో అంటున్నావు. గట్టిగా చెప్పు, పిల్లలు వింటారు.

"మూడు రోజులు కాదు. నాలుగు రోజులు వచ్చారు."

మూడే కదే. మూడో రోజు నన్ను చెయ్యి పట్టుకుని తీసుకుపోయారు.

"నాలుగో రోజు నువ్వు బయట ఆడుకుంటున్నావు. నాన్న ఆసామి దగ్గరికి పోయాడు. సాయంత్రం వచ్చారు. అరుగెక్కలేదు, గడప అవతలే నిలబడ్డారు. 'పది అణాలకు ఎన్ని నయాపైసలమ్మా?' అని అడిగారు."

నాకెప్పుడూ చెప్పలేదే.

"నువ్వు అడగలేదు. అరవై రెండండీ, అర నయాపైసా పోతుంది అన్నాను."

ఆయనేమన్నారు?

"ఏమీ అనలేదు. చాలాసేపు నిలబడ్డారు. నేను రాట్నం ఆపలేదు. ఆపితే నాన్న వచ్చేసరికి కండెలు తక్కువవుతాయి. తలెత్తి చూసేసరికి వెళ్ళిపోయారు. గడప మీద సుద్దముక్క ఉంది. నల్లబల్ల మీద రాసే పెద్ద సుద్ద, కొత్తది. ఆ తాటిమట్ట ఇటు జరపరా బాబూ, మంట నీ వైపు లేస్తోంది."